దారి ఎంత పొడవైనా పేరు తెగకూడదు: తాడేపల్లిగూడెం నిట్‌కు బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్ నిట్, తాడేపల్లిగూడెం
కంప్యూటర్ సైన్స్ విభాగం అధ్యాపకులకు, విద్యార్థులకు



పక్క జిల్లా ఏలూరు నుంచి రాస్తున్నాను. ఫైళ్లను నకలు తీసి భద్రపరిచే ప్రోగ్రాములు రాయడం నా వృత్తి. మీకు విడిగా ఉత్తరం రాయవచ్చు. కానీ నేను అడగబోయేది మీ ఒక్కరితో తీరేది కాదు. ఏలూరు, భీమవరం, గుడివాడ కాలేజీల్లో పాఠం చెప్పేవారూ, ఆఫీసుల కోసం సాఫ్ట్‌వేర్ కొనేవారూ చదవాలనే పదిమంది ముందు రాస్తున్నాను. మిమ్మల్ని ముందుగా పిలవడానికి కారణం ఉంది. 2015లో రాష్ట్రానికి వచ్చిన నిట్ మీది. కొల్లేటి గట్టుకు దగ్గరలో ఉన్న కేంద్ర సాంకేతిక విద్యాసంస్థా మీదే. ఇక్కడి పేర్లతో ఇక్కడి కంప్యూటర్లు ఎందుకు తడబడుతున్నాయో చూడడానికి మీకంటే దగ్గర వాళ్లు లేరు.

నా కోరిక ముందే చెప్పేస్తాను. సిస్టమ్స్ ప్రోగ్రామింగ్ ల్యాబులో డైరెక్టరీ దారుల పాఠాన్ని మన ఊళ్ల పేర్లతో, మన కాగితాల పొడవుతో చెప్పండి. విద్యార్థి రాసిన ప్రోగ్రామును ఆ పేర్ల మీద నడిపి చూశాకే మార్కులు వేయండి.

మీ ఊరి పేరుతోనే మొదలుపెడదాం. తాడేపల్లిగూడెం అని ఇంగ్లిషులో రాస్తే పద్నాలుగు అక్షరాలు, పద్నాలుగు బైట్లు. 1979 నాటి ఏడో ఎడిషన్ యునిక్స్‌లో డైరెక్టరీలో ఒక్కో ఫైలుకు పదహారు బైట్ల గడి ఉండేది. రెండు బైట్లు ఐనోడ్ నంబరుకు, మిగిలిన పద్నాలుగు పేరుకు. మీ ఊరి పేరు ఆ గడిలో అంచులకు ఆనుకుని సరిగ్గా సరిపోతుంది. అదే పేరు తెలుగులో రాయండి. కంటికి కనిపించేవి ఆరు అక్షరాలు: తా, డే, ప, ల్లి, గూ, డెం. యూనికోడ్ లెక్కలో అవి పద్నాలుగు కోడ్‌పాయింట్లు, ఎందుకంటే దీర్ఘమూ ఏత్వమూ పొల్లూ సున్నా అన్నీ విడివిడిగా లెక్కకొస్తాయి. తెలుగు కోడ్‌పాయింట్ ఏదైనా యూటీఎఫ్-8లో మూడు బైట్లు తింటుంది. మొత్తం 42 బైట్లు. ఆరు, పద్నాలుగు, నలభై రెండు: ఈ మూడు లెక్కల్లో ఏది ఎక్కడ వాడాలో తెలియని ప్రోగ్రాము తెలుగు ఫైళ్లను ఎప్పుడో ఒకప్పుడు పాడుచేస్తుంది.

1983లో బర్క్‌లీ వాళ్ల 4.2 బీఎస్‌డీతో పేరుకు 255 వచ్చింది. అప్పటికి అది విశాలమైన మైదానం. లైనక్స్‌లో నేటికీ అదే హద్దు, అదీ బైట్లలో. ఇంగ్లిషులో పేరు పెట్టేవాడికి 255 అక్షరాలంటే ఒక పేరా. మనకు అది 85 కోడ్‌పాయింట్లు. తాడేపల్లిగూడెం అని ఆరుసార్లు వరుసగా రాస్తే 252 బైట్లు అయిపోతాయి, ఏడోసారికి చోటు లేదు.

ఎనభై ఐదు చాలవా అంటారేమో. కొల్లేటి కాగితాలు చూసినవాళ్లు ఆ మాట అనరు. 1999లో కొల్లేరు సరస్సులో ఐదో కాంటూరు వరకు 308 చదరపు కిలోమీటర్ల పైన అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో రామ్‌సర్ జాబితాలో చేరింది. 2006లో చేపల చెరువుల గట్లు కొట్టేశారు. ఆ హద్దు లోపల జిరాయితీ భూములున్న రైతుల తగవు ఇంకా నడుస్తోంది. ఇన్ని పొరలున్న విషయంలో కాగితానికి పెట్టే పేరు కూడా పొరలు పొరలుగానే ఉంటుంది. స్కాన్ చేసే గుమస్తా కాగితం మీదున్న 'విషయం' పంక్తిని ఉన్నదున్నట్టు ఫైలు పేరుగా కొడతాడు. అతను చేసేది సరైన పనే, రేపు వెతుక్కునేవాడికి ఆ పంక్తే ఆధారం. ఉదాహరణకు ఇలాంటి పేరు: 'కొల్లేరు వన్యప్రాణి అభయారణ్యం ఐదో కాంటూరు పరిధిలోని జిరాయితీ భూముల సర్వే పటాలు చేపల చెరువుల వివరాలు'. పదమూడు మాటలు. 87 కోడ్‌పాయింట్లకు 261 బైట్లు, మధ్య ఖాళీలకు పన్నెండు, చివర చుక్కతో కలిపి పీడీఎఫ్ తోకకు నాలుగు. మొత్తం 277.

విండోస్‌లో ఈ పేరు హాయిగా ఉంటుంది. అక్కడి ఎన్‌టీఎఫ్ఎస్ డిస్కుకైనా ఎక్స్‌ఫ్యాట్ పెన్‌డ్రైవ్‌కైనా 255 అనే హద్దు బైట్లలో కాదు, యూటీఎఫ్-16 అంకాల్లో. ఆ లెక్కన ఈ పేరు 103 మాత్రమే. పెన్‌డ్రైవ్ తెచ్చి లైనక్స్ యంత్రానికి పెడితే ఫైలు కనిపిస్తుంది, తెరుచుకుంటుంది కూడా. దాన్ని ఈఎక్స్‌టీ4 డిస్కులోకి కాపీ చేయబోయినప్పుడు కెర్నెల్ 36వ నంబరు లోపం తిప్పికొడుతుంది: ఫైలు పేరు మరీ పొడవు. కెర్నెల్ తప్పేమీ చేయలేదు, పట్టదని నిజం చెప్పింది. ఆ తరువాత ప్రోగ్రాము ఏం చేస్తుందన్నదే నా బాధ.

కొన్ని ప్రోగ్రాములు పేరును 255వ బైటు దగ్గర కోసేసి ముందుకు పోతాయి. పై పేరును అలా కోస్తే చివర 'చేపల చెరువుల వ' అని మిగులుతుంది. 'వివరాలు' పోయింది, తోక పోయింది. తిరిగి విండోస్‌కు తీసుకుపోతే రెండుసార్లు నొక్కినా ఆ ఫైలు తెరుచుకోదు. అదృష్టం కొద్దీ ఇక్కడ కోత కోడ్‌పాయింట్ల మధ్య పడింది. ఒక్క బైటు అటో ఇటో అయితే మూడు బైట్ల ముక్క మధ్యలో పడి, పేరు చివర ప్రశ్నార్థకపు డబ్బా తేలుతుంది. ఇంతకంటే కీడు మరొకటుంది. మన ఆఫీసుల్లో సంవత్సరం పేరు చివర రాస్తారు. 2019 ఫైలుకూ 2020 ఫైలుకూ తేడా చివరి నాలుగు అంకెలే. కోతలో ఆ అంకెలు పోతే రెండు ఫైళ్లకూ ఒకే పేరు వస్తుంది, రెండోది మొదటిదాని మీద కూర్చుంటుంది. ఒక ఏడాది కాగితం చప్పుడు లేకుండా చెరిగిపోతుంది.

ఇంకొన్ని ప్రోగ్రాములు ఆ ఫైలును వదిలేసి, చివరకు 'పూర్తయింది' అని చూపిస్తాయి. ఒక ఆఫీసు బ్యాకప్ డిస్కులో ఇలాంటిది నేనే చూశాను. పొట్టి పేర్లున్నవన్నీ ఉన్నాయి, పొడవు పేర్లున్న కాగితాలు ఒక్కటీ లేవు. లాగ్ ఫైలులో ఆ సంగతి ఒక్క ముక్క లేదు. పొడవు పేరున్న కాగితం అంటే చిక్కులున్న కాగితం, రేపు కోర్టులో కావలసిన కాగితం. ఈ లోపం సరిగ్గా వాటినే ఏరి వదిలేస్తుంది. అందుకే ఇది నాకు చిన్న సంగతిగా కనిపించడం లేదు.

కైకలూరు సంగతి చెప్పకుండా ముందుకు పోలేను. తెలుగు యూనికోడ్ పట్టికలో ఒకే ఒక్క గుర్తును రెండు ముక్కలుగా విడదీసి రాయవచ్చు. అది ఐత్వం. ఒకే గుర్తుగానూ రాయవచ్చు, ఎత్వానికి ఐత్వపు కింది కొస చేర్చి రెండు గుర్తులుగానూ రాయవచ్చు. రెండూ సమానమే అని యూనికోడ్ ప్రమాణం చెబుతుంది. మామూలు కీబోర్డుతో కొట్టిన 'కైకలూరు' ఏడు కోడ్‌పాయింట్లు, 21 బైట్లు. పాత మ్యాక్ ఫైల్ వ్యవస్థ హెచ్‌ఎఫ్ఎస్ ప్లస్ పేర్లను విడదీసి దాస్తుంది. అక్కడి నుంచి వచ్చిన 'కైకలూరు' ఎనిమిది కోడ్‌పాయింట్లు, 24 బైట్లు. లైనక్స్ బైట్లను మాత్రమే పోలుస్తుంది కాబట్టి ఒకే ఫోల్డరులో రెండు కైకలూరులు పక్కపక్కన నిలబడతాయి. కంటికి తేడా తెలియదు. గుమస్తా ఒకదాంట్లో పెట్టిన ఫైలు కోసం మరొకదాంట్లో వెతికి, పోయిందనుకుంటాడు. కొల్లేటి ప్రాంతపు పెద్ద ఊళ్లలో అదొకటి, ఆ పేరున్న ఫోల్డరు ఎన్ని చోట్ల ఉంటుందో మీరే ఊహించండి. పేర్లను పోల్చేముందు ఒకే రూపానికి తేవాలని పుస్తకంలో ఒక వాక్యంగా చదివితే ఎవరికీ గుర్తుండదు. కైకలూరుతో చూపిస్తే జన్మలో మరచిపోరు.

ఇప్పటిదాకా ఒక్క పేరు గురించి చెప్పాను. దారి అంటే పేర్ల వరుస. మన రెవెన్యూ కాగితాలకు ఆ వరుస పుట్టుకతోనే పొడవు: జిల్లా, డివిజన్, మండలం, గ్రామం, సర్వే నంబరు, సబ్ డివిజన్, ఏడాది, ఆ తరువాత అడంగలో ఎఫ్‌ఎంబీయో. అసలు చిక్కు వరుస పొడవుగా ఉండడంలో కంటే, ఎవరికీ తెలియకుండా అది పెరగడంలో ఉంది. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు మారాయి. కైకలూరు నియోజకవర్గం కృష్ణా నుంచి ఏలూరు జిల్లాకు వచ్చింది. తాడేపల్లిగూడెం పశ్చిమ గోదావరిలోనే ఉంది, కానీ జిల్లా కేంద్రం ఏలూరు నుంచి భీమవరానికి పోయింది. అలాంటప్పుడు కంప్యూటరులో పై ఫోల్డరు పేరు మార్చడం మామూలే. 'కృష్ణా జిల్లా' 37 బైట్లు. దాన్ని ఎవరైనా 'ఏలూరు జిల్లా (పూర్వపు కృష్ణా జిల్లా)' అని మారిస్తే 96 అవుతుంది. కెర్నెల్ దృష్టిలో అది ఒక్క గడిలో చేసిన ఒక్క మార్పు. కింద ఏముందో అది చూడదు, చూడవలసిన పనీ లేదు. కానీ దాని కింద లక్ష ఫైళ్లుంటే లక్ష దారులూ ఆ క్షణంలో 59 బైట్లు పెరుగుతాయి. నిన్నటిదాకా హద్దు లోపల ఉన్న ఫైలు ఇవాళ హద్దు దాటుతుంది. దాన్ని ఎవరూ ముట్టుకోలేదు, కదపలేదు.

ఆ హద్దు లైనక్స్‌లో 4,096 బైట్లు. చివరి సున్నా బైటు కూడా అందులోదే, కాబట్టి మనకు మిగిలేది 4,095. విండోస్‌లో పాత హద్దు 260. దారికి ముందు రెండు వెనక గీతలూ ఒక ప్రశ్నార్థకమూ మరో గీతా చేరిస్తే 32 వేల పైచిలుకు దాకా పోవచ్చు. 2016లో వచ్చిన విండోస్ 10 మార్పుతో రిజిస్ట్రీలో ఒక మీట, ప్రోగ్రాము మానిఫెస్టులో ఒక మాట పెట్టి 260 హద్దును తీసేయవచ్చు. రెండూ ఉండాలి, ఒకటే ఉంటే చాలదు. చాలా ఆఫీసుల్లో రెండూ ఉండవు.

లైనక్స్ 4,096 గురించి విద్యార్థుల్లో ఒక అపోహ పాతుకుపోయింది. డైరెక్టరీ చెట్టు అంతకంటే లోతుకు పోదని నమ్ముతారు. ల్యాబులో పరీక్షించి చూడండి. తాడేపల్లిగూడెం అనే డైరెక్టరీ, దానిలో మరో తాడేపల్లిగూడెం, అలా రూటు నుంచి పూర్తి దారితో పోతే తెలుగులో 95 మెట్ల దగ్గర ఆగిపోతారు. ఇంగ్లిషు స్పెల్లింగుతో అయితే 273. ఇక్కడే ఆగిపోయి హద్దు వచ్చిందంటారు. 95వ మెట్టులోకి అడుగుపెట్టి, అక్కడి నుంచి 'తాడేపల్లిగూడెం' అని ఒక్క పేరుతో మరో డైరెక్టరీ సృష్టించండి. కెర్నెల్ అభ్యంతరం చెప్పదు. 200, 500, 1,000 దాకా పోవచ్చు. 4,096 అనేది ఒక్క సిస్టమ్ కాల్‌లో కెర్నెల్ చేతికిచ్చే స్ట్రింగుకు హద్దు. చెట్టుకు హద్దు ఇంకెక్కడా రాసి లేదు. అంతేకాదు, అంత లోతున కూర్చుని 'నేనెక్కడున్నాను' అని కెర్నెల్‌ను అడిగితే పేరు మరీ పొడవని చెబుతుంది. అప్పుడు సీ లైబ్రరీ తనే రెండు చుక్కల దారి పట్టి ఒక్కో మెట్టు పైకెక్కుతూ, ప్రతి మెట్టు దగ్గరా ఐనోడ్ నంబరు చూసి పేరు పోల్చుకుంటూ, దారిని తిరిగి కూడగడుతుంది.

ఈ కిటుకులోనే పాఠమంతా ఉంది. కొల్లేటికోట పెద్దింట్లమ్మ గుడికి కొత్తగా పోయేవాడు ఇంటి దగ్గరే దారంతా వల్లెవేసి బయలుదేరడు. ఒక ఊరు చేరి, అక్కడ నిలబడి, ముందున్న ఊరికి దారేదని అడుగుతాడు. ప్రోగ్రాము కూడా అలాగే నడవాలి. దానికోసం ఓపెన్‌యాట్ అనే సిస్టమ్ కాల్ ఉంది. సోలారిస్‌లో ముందు వచ్చింది, 2006లో 2.6.16తో లైనక్స్‌లోకి వచ్చింది, 2008 పాజిక్స్ ప్రమాణంలో చేరింది. తెరిచి ఉంచుకున్న డైరెక్టరీ డిస్క్రిప్టర్ ఒకటి, దాని కిందున్న ఒక్క పేరు ఒకటి: కెర్నెల్‌కు ఇచ్చేది ఈ రెండే. పూర్తి దారి పొడవు ఎంతైనా ఈ పిలుపుకు సంబంధం లేదు. ఎంకేడిర్‌యాట్, అన్‌లింక్‌యాట్, ఎఫ్‌స్టాట్‌యాట్ అన్నీ ఆ కుటుంబమే. ఇవి వచ్చి రెండు దశాబ్దాలైంది. అయినా విద్యార్థులు రాసే ప్రోగ్రాముల్లో నాకు ఎక్కువగా కనిపించేది 4,096 బైట్ల అరే, అందులోకి పై దారి, ఒక గీత, కింది పేరు కలిపి ముద్రించే పాత అలవాటే.

ఆ అలవాటు ఖరీదు లెక్కగట్టి చూపించండి. మెట్టుమెట్టుకూ పూర్తి దారి ఇస్తే కెర్నెల్ ప్రతిసారీ రూటు నుంచి మొదలుపెట్టి నడుస్తుంది. 2,000 మెట్ల చెట్టుకు 20,01,000 అడుగులు. ఉన్నచోటి నుంచి ఒక్కో పేరుతో దిగితే 2,000 అడుగులు. స్టాక్ సంగతి ఇంకా తేలిక లెక్క: రికర్షన్‌లో ఒక్కో పిలుపూ 4,096 బైట్ల అరే పెట్టుకుంటే, మామూలుగా ఉండే 8 మెగాబైట్ల స్టాక్ 2,048 మెట్లు రాకముందే నిండి ప్రోగ్రాము కూలుతుంది. ఇంకో అపాయం కంటికి కనపడదు. పూర్తి దారితో నడిచే ప్రోగ్రాము రెండు పిలుపుల మధ్య ఉన్నప్పుడు, నడుమ ఉన్న ఒక డైరెక్టరీని ఎవరైనా తీసేసి అదే పేరుతో సింబాలిక్ లింకు పెడితే, ప్రోగ్రాము ఆ లింకు వెంట మరెక్కడికో పోతుంది. అది చెరిపే ప్రోగ్రాము అయితే, అందులోనూ అడ్మిన్ హక్కులతో నడుస్తుంటే, ఏం చెరుపుతుందో చెప్పలేం. డిస్క్రిప్టర్ పట్టుకుని, లింకుల వెంట పోవద్దని జెండా పెట్టి దిగేవాడికి ఆ భయం లేదు. 2020లో 5.6 కెర్నెల్‌తో వచ్చిన ఓపెన్‌యాట్2 ఇంకో అడుగు ముందుకేసి, ఈ డైరెక్టరీ కిందే ఉండాలి, బయటికి పోతే తిప్పికొట్టు అని అడగనిస్తుంది.

అలాగని మెట్టుకొక డిస్క్రిప్టర్ తెరిచి పెట్టుకుంటూ పోతే కుదరదు. ఒక ప్రాసెస్‌కు మామూలుగా 1,024 దాకానే ఇస్తారు. దిగేటప్పుడు కొన్నిటిని మూసేయాలి, ఎక్కేటప్పుడు రెండు చుక్కలతో పై డైరెక్టరీని తిరిగి తెరవాలి. తెరిచాక, దిగేటప్పుడు రాసిపెట్టుకున్న డివైస్ నంబరూ ఐనోడ్ నంబరూ ఇప్పటి వాటితో సరిపోయాయో లేదో చూడాలి. మనం లోపల ఉండగా ఎవరైనా ఆ డైరెక్టరీని మరోచోటికి జరిపి ఉంటే రెండు చుక్కలు మనల్ని కొత్త తల్లి దగ్గరికి తీసుకుపోతాయి. సరిపోకపోతే ఆగి, లోపం చెప్పి, బయటపడాలి. అందరికీ అందుబాటులో ఉన్న ఆర్‌ఎమ్ ఆదేశం, ఎఫ్‌టీఎస్ లైబ్రరీల సోర్సు కోడు ఈ పనంతా చేస్తుంది. ఒక తరగతి గంట దాన్ని ముందేసుకుని చదివిస్తే, పుస్తకంలో నాలుగు అధ్యాయాలంత విషయం దొరుకుతుంది.

పొడవు దారి అంటే గుమస్తాల ఇబ్బంది మాత్రమే అనుకునేవారికి 2021 జులై గుర్తుచేస్తాను. క్వాలిస్ సంస్థ పరిశోధకులు సీక్వోయా అనే పేరుతో లైనక్స్ కెర్నెల్‌లో ఒక రంధ్రం బయటపెట్టారు. 2014 నాటి 3.16 నుంచీ అది అక్కడే ఉంది. ఏ ప్రత్యేక హక్కులూ లేని మామూలు యూజరు ఒకదానిలో ఒకటిగా దాదాపు 10 లక్షల డైరెక్టరీలు సృష్టిస్తాడు. మొత్తం దారి ఒక గిగాబైటు దాటుతుంది. దాన్ని మౌంట్ చేసి, చెరిపి, మౌంట్ల జాబితా ఉండే ఫైలును చదువుతాడు. కెర్నెల్ ఆ దారిని రాయడానికి బఫరును రెట్టింపు చేసుకుంటూ రెండు గిగాబైట్ల దాకా పోతుంది. ఆ పరిమాణాన్ని ఒకచోట చిన్న పూర్ణాంకంలో పెట్టారు. అందులో పట్టక అది రుణ సంఖ్యగా మారింది. 'చెరిపేశారు' అని రాయవలసిన పది బైట్లు బఫరుకు రెండు గిగాబైట్ల వెనక ఎక్కడో పడ్డాయి. ఆ పది బైట్లను ఊతంగా పట్టుకుని పరిశోధకులు రూట్ హక్కు సంపాదించి చూపించారు. అదే రోజు ఇంకో రంధ్రమూ బయటపడింది. 8 మెగాబైట్లు దాటిన మౌంట్ దారిని సిస్టమ్‌డీ స్టాక్ మీద నకలు తీయబోయి తనూ కూలి, కెర్నెల్‌నూ కూల్చింది. దారి ఇంతకంటే పొడవుండదని ఎవరో పెద్ద ప్రోగ్రామర్లే అనుకున్నారు. ఆ అనుకోలు ఏడేళ్లు ఎవరి కంటా పడలేదు.

చిన్న హద్దులు మరికొన్ని ఉన్నాయి, పేరు చెప్పి వదిలేస్తాను. యునిక్స్ సాకెట్ దారికి లైనక్స్‌లో 108 బైట్లే. తాడేపల్లిగూడెం లోపల తాడేపల్లిగూడెం దాకా పడుతుంది, మూడోది పట్టదు. తెలుగు పేరున్న ఫోల్డరులో ప్రాజెక్టు పెట్టుకున్న విద్యార్థికి ఏదో టూలు అర్థంకాని లోపంతో ఆగిపోతే ముందు ఇది చూడమనండి. పాత యూస్టార్ రకం టార్‌లో ఫైలు పేరుకు 100 బైట్లు, అంటే మనకు 33 కోడ్‌పాయింట్లు. 2001 పాజిక్స్ తెచ్చిన ప్యాక్స్ రకంలో ఆ ఇరుకు లేదు. ఫైళ్లను ఎన్‌క్రిప్ట్ చేసే ఈక్రిప్ట్‌ఎఫ్ఎస్ కింద పేరుకు మిగిలేది 143 బైట్లే.

ఇదంతా విన్నాక ఒక మాట తప్పకుండా వస్తుంది: ఫైళ్లకు పొట్టిగా, ఇంగ్లిషులో పేర్లు పెట్టుకోమంటే పోలేదా? ఆ సలహా ఇచ్చేవారిలో నేను గౌరవించేవాళ్లున్నారు. నాకు ఒప్పుదల కాదు. ఇంగ్లిషులో మన ఊళ్లకు ఒక్క స్పెల్లింగు ఎప్పుడూ లేదు. ఏలూరే ఒకప్పుడు ఎల్లోర్. లంక గ్రామాల సంగతి చెప్పనక్కరలేదు, ఒకే ఊరు ఒకే ఆఫీసులో మూడు రకాలుగా కనిపిస్తుంది. కాగితం తెలుగులో ఉంది, దాన్ని వెతుక్కుంటూ వచ్చే రైతు తెలుగులో అడుగుతాడు, వెతికే గుమస్తా తెలుగులో ఆలోచిస్తాడు. మధ్యలో ఫైలు పేరు ఒక్కటే పరాయి లిపిలో ఎందుకుండాలి? పైగా కెర్నెల్‌కు తెలుగుతో పేచీ లేదు. గీతా, సున్నా బైటూ తప్ప ఏ బైటు ఇచ్చినా అది పేరుగా తీసుకుంటుంది. పేచీ అంతా పైన రాసే ప్రోగ్రాములతో. వాటిని రాసేది మీ తరగతి గదుల్లోంచి వచ్చేవాళ్లే.

255 హద్దు రేపు మారదు. డిస్కు మీది నిర్మాణంలో పేరు పొడవుకు కేటాయించిన చోటుతో ముడిపడిన హద్దు అది. కాబట్టి పొడవు పేరు ఎదురైనప్పుడు ప్రోగ్రాము మర్యాదగా ప్రవర్తించడం నేర్పాలి. పేరును టైపు చేసేటప్పుడే ఇంకా ఎన్ని బైట్లు మిగిలాయో చూపించవచ్చు. కోయక తప్పకపోతే పూర్తి అక్షరం దగ్గర కోయాలి. అంటే 'ల్లి' మధ్యలో కత్తి పడకూడదు, తోక ఉండాలి, రెండు పేర్లు ఒకటయ్యే ప్రమాదం లేకుండా చివర ఒక గుర్తు చేర్చాలి, అసలు పూర్తి పేరును పక్కన ఒక పట్టికలో దాచాలి. ఏ ఒక్క ఫైలు నకలు కాకపోయినా 'పూర్తయింది' అనే మాట తెర మీదికి రాకూడదు. ప్రోగ్రాము సున్నాతో ముగియకూడదు. ఏ ఫైలు, ఏ దారి, ఏ కారణం అన్నది గుమస్తా చదవగలిగే తెలుగులో చెప్పాలి.

మీ ల్యాబు పరీక్షలో వీటిని పెట్టండి. లోతైన చెట్టు ఒకటి, 255కు అటూ ఇటూ ఒక్కో బైటు తేడాతో పేర్లు, రెండు రూపాల కైకలూరు, నడుస్తుండగా పేరు మారే పై ఫోల్డరు. విద్యార్థి ప్రోగ్రాము వీటిని నకలు తీయాలి, పోల్చాలి, చెరపాలి, చేయలేనిదాన్ని చేయలేనని చెప్పాలి. చివరి సంవత్సరం విద్యార్థులు ఇదే చెట్టు మీద అందరూ వాడే ఉచిత సాఫ్ట్‌వేర్‌ను నడిపి, తప్పు దొరికితే దాన్ని రాసినవాళ్లకు తెలియజేసి, వీలైతే తామే సరిచేసి పంపాలి. ప్రపంచంలో ఏ మూలైనా మూడు బైట్ల లిపులవాళ్లకు, హిందీవాళ్లకూ తమిళులకూ థాయ్‌వాళ్లకూ, ఆ దిద్దుబాటు పనికొస్తుంది.

ఏలూరు, పశ్చిమ గోదావరి జిల్లాల ఊళ్ల పేర్లతో అలాంటి పరీక్ష చెట్టును కట్టే చిన్న ప్రోగ్రాము నా దగ్గర ఉంది. దాని సోర్సు ఎవరైనా తీసుకోవచ్చు, మార్చుకోవచ్చు. మీ విభాగం ఏ రోజు రమ్మంటే ఆ రోజు గూడెం వచ్చి విద్యార్థుల ముందు నడిపి చూపిస్తాను. వాళ్ల ల్యాప్‌టాపులు తెచ్చుకోమనండి. విండోస్ ఉన్నవాళ్లను కూడా రమ్మనండి, ఆ 260 మీట ఎక్కడుందో ముందు వాళ్లకే చూపించాలి.

ఇట్లు
ఏలూరు నుంచి ఒక సిస్టమ్స్ ప్రోగ్రామర్